80 లక్షల కాపీలు ఎవరివి? గేమ్ ఇన్ఫార్మర్ కేస్ స్టడీ

2012 వేసవిలో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా అక్కయ్య ఇంట్లో నెల రోజులున్నాను. చెప్పుల స్టాండు పక్కన పాత పత్రికల దొంతర ఒకటి ఉండేది. పత్రిక కంటపడితే చేతిలోకి తీసుకుని బరువు చూడటం, వెనక్కి తిప్పి బ్యాక్ కవర్ ప్రకటన ఎవరిదో చూడటం నాకు వృత్తితో వచ్చిన జబ్బు. అన్నీ గేమ్ ఇన్ఫార్మర్ అనే వీడియో గేముల పత్రిక సంచికలే. కవర్ల మీద మేనల్లుడి పేరుతో చిరునామా లేబుళ్లు. సగానికి పైగా తెరిచిన జాడ లేదు. ప్రెస్ నుంచి కట్ట విప్పినప్పుడు ఉండే బిగువు కాగితాల్లో అలాగే ఉంది.

"ఏరా, వీటిని చదవవా?"

"అవి కార్డుతో పాటు వస్తాయి మావయ్యా. గేమ్‌స్టాప్ దుకాణం కార్డు. పాత గేములు అమ్మితే పది శాతం ఎక్కువిస్తారని తీసుకున్నా."

"మరి డబ్బు కట్టావు కదా?"

"కార్డుకి కట్టా. పుస్తకానికి కాదు."

నేను ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో పత్రికల సర్క్యులేషన్ చూసినవాణ్ని. పోస్టల్ చందా, ఏజెంటు కాపీ, కాంప్లిమెంటరీ, అన్‌సోల్డ్ అని మా రిజిస్టర్లో కాలమ్‌లుండేవి. మేనల్లుడు అన్న మాటను ఏ కాలమ్‌లో రాయాలో నాకు తోచలేదు. అప్పటికి ఆ పత్రిక అమెరికాలో సర్క్యులేషన్ ప్రకారం మూడో స్థానానికి చేరింది. 2010లో 50 లక్షలున్న కాపీలు 2011 నాటికి 80 లక్షలు దాటాయి. టైమ్, స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ లాంటివి దాని వెనకే ఉన్నాయి. సరిగ్గా అదే కాలంలో దాని తోటి గేమింగ్ పత్రికలు వరసగా మూతపడుతున్నాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఇదొక్కటే ఎలా పెరిగింది? పన్నెండేళ్ల తర్వాత ఒక్క రోజులో ఎలా ఆగిపోయింది? సర్క్యులేషన్ కళ్లతో చూస్తే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే.

ఆ పత్రికలు ఏం అమ్మేవి

గేమింగ్ పత్రికలు పుట్టింది 1981లో. ఇంగ్లండులో కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్, అమెరికాలో ఎలక్ట్రానిక్ గేమ్స్, కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ ఆ ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. కానీ మా వృత్తివాళ్లు చదవాల్సిన మొదటి పాఠం 1988 నాటి నింటెండో పవర్‌ది. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో అమెరికా శాఖకు అప్పటికే ఫన్ క్లబ్ ఒకటి ఉండేది, దాని సభ్యులకు చిన్న వార్తాపత్రం వెళ్లేది. దాని స్థానంలో పూర్తిస్థాయి పత్రిక తెచ్చి మొదటి సంచిక 36 లక్షల కాపీలు వేసి, క్లబ్బులో ఉన్న ప్రతి ఇంటికీ ఉచితంగా పంపారు. పుచ్చుకున్నవాళ్లలో మూడో వంతుకు దగ్గరగా డబ్బు కట్టి చందాదారులయ్యారు.

ఉచిత కాపీలు పంచడం నేనూ చేశాను. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో స్టాల్ పెట్టి వేలల్లో పంచి, వెనక్కి వచ్చిన చందా ఫారాలు ఒక్క చేతి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లిన రాత్రులున్నాయి. అందుకే మూడో వంతు అన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్కడి పిల్లలకు పత్రిక ముచ్చట కాదు, అవసరం. ఆటలో ఒకచోట ఇరుక్కుపోతే బయటపడే దారి చెప్పేవాళ్లు లేరు. నింటెండో వాళ్లు ఫోన్‌లో దారి చెప్పే కౌన్సెలర్లను పెట్టారు కానీ, ఎస్టీడీ బిల్లు నాన్న చూస్తాడు. పత్రికలో మాత్రం మొత్తం మ్యాప్ పరిచి ఉంటుంది. నేల మీద పెట్టుకుని, పక్కన కంట్రోలర్ పట్టుకుని, వేలితో దారి వెతుక్కోవచ్చు.

ఆ మ్యాపులు, ఆ బొమ్మలు ఎలా వచ్చేవో తెలిస్తే వాటి విలువ తెలుస్తుంది. కంప్యూటర్లోకి నేరుగా స్క్రీన్ పట్టుకునే సాధనాలు చవకగా లేని రోజుల్లో టీవీకి ఎదురుగా స్టాండు మీద కెమెరా బిగించి, గది చీకటి చేసి ఫోటో తీసేవారు. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు నొక్కాలి. షట్టరు వేగం తప్పితే ట్యూబు తెర మీద నల్లటి పట్టీ పడుతుంది. ఫిల్ము కడిగాక గానీ అది తెలియదు. అలా తీసిన గోరంత బొమ్మలు పేజీకి పన్నెండు వేసేవారు. పాఠకుడు భూతద్దం పెట్టి చూసేవాడు.

నమ్మకం ఎంతుండేదో చెప్పడానికి షెంగ్ లాంగ్ కథ చాలు. స్ట్రీట్ ఫైటర్ 2 అనే పోరాట ఆటలో ర్యూ అనే యోధుడు గెలిచినప్పుడు వచ్చే ఒక మాట ఇంగ్లీషు అనువాదంలో తేడా కొట్టి, షెంగ్ లాంగ్ అని ఎవరో మనిషి ఉన్నట్టు ధ్వనించింది. 1992 ఏప్రిల్ సంచికలో ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ వాళ్లు ఆ రహస్య యోధుణ్ని రప్పించే కిటుకు అచ్చేశారు. ఒక్క దెబ్బ తినకుండా చివరి వరకూ వెళ్లాలి, అక్కడ ఆఖరి ప్రత్యర్థి ఎం.బైసన్‌తో వరసగా పది రౌండ్లు డ్రా చేయాలి. అంతా ఏప్రిల్ ఫూల్. కానీ కుర్రాళ్లు నాణేలు పోసి పోసి ప్రయత్నించారు. వేరే పత్రికలు కూడా నిజమనుకుని ఎత్తి రాసుకున్నాయి. అచ్చులో ఉంటే నిజమే. సరిచూసుకోవడానికి ఇంకో చోటు లేదు. ఇవాళైతే ఆ అబద్ధం సాయంత్రం టీ దాకా కూడా బతకదు.

మా కట్టల్లో సీడీ

ఇక్కడ కొంచెం మన ఊరి సంగతి. 2000 తర్వాత కొన్నేళ్లు నేను పంపిణీ చూసిన పత్రికల్లో ఒక కంప్యూటర్ మాసపత్రిక ఉండేది. పేరు అనవసరం. గేమ్‌లకు అందులో పది పన్నెండు పేజీలు. కవరు మీద ఒక సీడీ. సీడీలో గేమ్ డెమోలు (కొంచెం ఆడి చూసే నమూనాలు), ప్యాచులు (గేముల్లో తప్పులు సరిచేసే ఫైళ్లు), వాల్‌పేపర్లు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో నెట్ అంటే టెలిఫోన్ లైనే. 56కె మోడెమ్ మీద నిజంగా వచ్చేది సెకనుకు నాలుగైదు కేబీలు. వంద ఎంబీల డెమో దించాలంటే లైను తెగకుండా ఐదారు గంటలు. సీడీ నిండా ఉన్న 650 ఎంబీలు దించాలంటే ఒకటిన్నర రోజు, అది కూడా ఫోన్ ఎవరూ ఎత్తకుండా ఉంటే. ఆ సరుకంతా మేం వంద రూపాయల్లో కోఠీ స్టాల్‌కి చేరవేసేవాళ్లం. మేం అమ్మింది పత్రిక అనుకున్నాం. నిజానికి ఆర్టీసీ పార్సిల్లో బ్యాండ్‌విడ్త్ పంపేవాళ్లం.

ఈ సంగతి నాకు రిటర్నులు నేర్పాయి. మూడో నెలకల్లా అన్‌సోల్డ్ కట్టలు విచిత్రంగా రావడం మొదలైంది. పుస్తకం ఉంటుంది, కవరు మీద జిగురు మచ్చ ఉంటుంది, సీడీ ఉండదు. కవరు చిరిగి ఉండేది కాదు, బ్లేడుతో శుభ్రంగా కోసినట్టుండేది. స్టాల్ అబ్బాయి సీడీని విడిగా ఇరవైకో ముప్పైకో అమ్మేసి, పుస్తకాన్ని అన్‌సోల్డ్ కింద తిప్పి పంపి, క్రెడిట్ నోట్ అడుగుతున్నాడు. నేను ఏజెంట్ల మీద కేకలేశాను. ఒక పెద్దాయన, ముప్పై ఏళ్లుగా స్టాల్ నడుపుతున్నవాడు, ఓ మాటన్నాడు: "కొనేవాళ్లు వచ్చి ఈ నెల పుస్తకంలో ఏముందని అడగరు బాబూ. ఈ నెల సీడీలో ఏముందని అడుగుతారు. వాళ్లు అడిగిందే కదా మేం అమ్మాలి!"

ఇంకోసారి పుస్తకం టైముకే అచ్చయింది, సీడీలు ఇచ్చేవాళ్లు ఆలస్యం చేశారు. గోడౌన్లో కట్టలు తొమ్మిది రోజులు అలాగే పడున్నాయి. సీడీ లేకుండా పంపేద్దాం అని నేనంటే ఎడిటర్ గారు తల అడ్డంగా ఊపారు. వ్యాసాలు రాసిన మనిషే తన వ్యాసాలు ఒంటరిగా బజారుకు వెళ్లలేవని ఒప్పుకున్న రోజు అది. ఆ తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మొదట సీడీ డీవీడీ అయింది, తర్వాత ఎవరూ అడగని డీవీడీ అయింది. ఆబిడ్స్ ఆదివారం బజార్లో ఆ సంచికలు చాలాకాలం కనిపించేవి, అన్నిటికీ కవరు మీద అదే గుండ్రటి మచ్చ.

అమెరికాలోనూ ఇదే దారి, కాకపోతే పెద్ద రోడ్డు. అఫీషియల్ యూఎస్ ప్లేస్టేషన్ మ్యాగజైన్ 1997 నుంచి నెలనెలా డెమో డిస్కుతో వచ్చేది. 2007 జనవరి సంచికతో ఆగిపోయింది. అప్పటికి కొత్త కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాలు, డెమోలను నేరుగా ఇంట్లోకే దించుకుంటున్నాయి.

ఒక్కొక్కటే పోయాయి

గేమ్‌ఎఫ్‌ఏక్యూస్ అనే వెబ్‌సైటు 1995లో మొదలైంది. ఆటగాళ్లే రాసిపెట్టే కిటుకులు, ఉచితం. మ్యాపు పేజీల పని అక్కడితో తీరింది. గేమ్‌స్పాట్, ఐజీఎన్ అనే గేమ్ వార్తల వెబ్‌సైట్లు 1996లో వచ్చాయి. వార్త కూడా పోయింది.

నెలవారీ పత్రికకు వార్త ఎందుకు నిలవదో బయటివాళ్లకు అంత తేలిగ్గా అర్థం కాదు. లాస్ ఏంజెలిస్‌లో ఈ3 అనే కొత్త గేముల ప్రదర్శన 1995లో మొదలైంది, ఎక్కువగా మే, జూన్ నెలల్లో జరిగేది. అక్కడ చూసింది రాయాలి, పేజీ కట్టాలి, కలర్ చూసుకోవాలి, ప్లేట్లు, ప్రింటు, బైండింగు, ఆపైన దేశమంతా పోస్టు. ఎంత పరిగెత్తినా నాలుగు నుంచి ఆరు వారాలు. వెబ్‌సైటు అదే సాయంత్రం పెట్టేస్తుంది. 2005లో యూట్యూబ్ వచ్చాక బొమ్మకూ పని లేకుండా పోయింది. కదిలే ఆటను కదలని బొమ్మలో చూపించడం ఎప్పుడూ అరకొర పనే, గత్యంతరం లేక సాగింది. 2011 అక్టోబరులో నింటెండో డైరెక్ట్ మొదలయ్యాక కంపెనీలే కెమెరా ముందు కూర్చుని కొత్త గేములను నేరుగా ప్రకటించుకోవడం మొదలుపెట్టాయి. మధ్యలో పత్రికా వద్దు, వెబ్‌సైటూ వద్దు. ఆ గాలికి ఈ3 కూడా నిలవలేదు, 2023 డిసెంబరులో శాశ్వతంగా ఆపేశారు.

మరణాలు త్వరగా చెప్పేస్తాను. 2009 జనవరిలో ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీని ఆపేశారు, మరుసటి నెల సంచిక తయారై ఉన్నా ప్రెస్‌కు పోలేదు. మరుసటి ఏడాది దాన్ని మొదట పెట్టినాయనే తిరిగి తెచ్చాడు కానీ పాత వైభవం రాలేదు. 1989లో పుట్టిన గేమ్‌ప్రో 2011 చివర్లో పోయింది. నింటెండో పవర్ 2012 డిసెంబరులో, 285వ సంచికతో. చివరి కవరు మీద మళ్లీ మట్టితో చేసిన మారియో బొమ్మే, మొదటి సంచికలో లాగా. పిల్లాడి మొదటి పుట్టినరోజు చొక్కా ఇనప్పెట్టెలోంచి తీసినట్టుంది ఆ కవరు చూస్తే.

ఉలిపికట్టె లెక్క

గేమ్ ఇన్ఫార్మర్ 1991 ఆగస్టులో మినియాపోలిస్‌లో పుట్టింది. పాత గేములు కొని అమ్మే ఫంకోలాండ్ దుకాణాలవాళ్లు తెచ్చిన ఆరు పేజీల కరపత్రం అది. రెండు నెలలకోసారి వచ్చేది, 1994 చివర్లో మాసపత్రికయింది. 2000లో బార్న్స్ అండ్ నోబుల్ ఆ దుకాణాలను కొన్నది. ఆ గొడుగు కిందివన్నీ కలిసి గేమ్‌స్టాప్ అయ్యాయి. అంటే పత్రిక పుట్టుకలోనే అంగడి ఉంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారే, ఇక్కడ చెట్టు దుకాణం.

2010లో గేమ్‌స్టాప్ దేశమంతా పవర్‌అప్ రివార్డ్స్ కార్డు పెట్టింది. ప్రో కార్డుకు ఏడాదికి 15 డాలర్లు. పాత గేము కొంటే పది శాతం తగ్గింపు, పాత గేము అమ్మితే పది శాతం ఎక్కువ, పైగా గేమ్ ఇన్ఫార్మర్ ఏడాది చందా. కౌంటర్లో ఉన్న కుర్రాడు బిల్లు వేస్తూ అడుగుతాడు. అప్పుడప్పుడూ గేములు మార్చుకునేవాడికి కార్డు ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. పత్రిక కొసరు. కానీ ఆడిట్ లెక్కలో అది ఉచిత కాపీ కాదు. కార్డు రుసుములో పత్రికకూ వాటా ఉందని రాస్తారు కాబట్టి చందా కాపీయే. అంత భారీ అంకెలో చెప్పుకోదగ్గ భాగం డిజిటల్ ప్రతులు కూడా. ఆడిట్ తప్పని నేననను. వాళ్ల నిబంధనల ప్రకారం లెక్క సక్రమమే. 15 డాలర్లు ఎక్కడివో చెప్పడం వరకే ఆడిట్ పని. పుస్తకం విప్పాడా లేదా అన్నది దాని ఫారంలో లేదు.

అమెరికా సర్క్యులేషన్ జాబితాలో మొదటి రెండు స్థానాలు ఎవరివో చూస్తే ఈ బొమ్మ ఇంకా తేటపడుతుంది. రెండూ ఏఏఆర్‌పీవి. యాభై దాటినవాళ్ల సంఘం అది, సభ్యత్వం కడితే పత్రికలు ఇంటికొస్తాయి. అంటే అమెరికాలో అతిపెద్ద మూడు పత్రికల్లో మూడూ వేరే దేనికో కట్టిన డబ్బు వెంట వచ్చేవే. ఆ ఏళ్లలో సర్క్యులేషన్ సమావేశాల్లో "అచ్చు ఇంకా బతికే ఉంది, గేమ్ ఇన్ఫార్మర్ చూడండి" అని స్లైడు వేసిన పెద్దమనుషుల్ని నేను చూశాను. ఏఏఆర్‌పీ గురించి ఒక్కరూ ఎత్తలేదు.

మరి దుకాణానికి ఏం లాభం? అమెరికా పత్రికల్లో రేట్ బేస్ అని ఒకటుంటుంది. ఇన్ని కాపీలు తప్పకుండా జనంలోకి వెళ్తాయని ప్రకటనదారుకు ఇచ్చే హామీ. ఆ అంకె మీదే పేజీ రేటు. అది నిలబెట్టుకోవడానికి చందాను నష్టానికైనా అమ్ముతారు. మనవాళ్లు చందాతో బకెట్టు, గోడ గడియారం ఇచ్చింది కూడా ఇందుకే. గేమ్ ఇన్ఫార్మర్‌కు ఆ హామీ కోసం ఖర్చు పెట్టాల్సిన పని లేదు, వేల దుకాణాల కౌంటర్లు దాని చందా ఏజెంట్లు. ప్రకటన ఇచ్చే గేమ్ కంపెనీకి అదే దుకాణంలో అల్మారా కూడా కావాలి, ముందు వరసలో. పేజీ రేటు బేరం దగ్గర ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అమ్మేవాడే తూకం వేసి, రుచి కూడా తనే చెబితే ఎలా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. సమీక్షల నిజాయతీ విషయంలో ఆ సంపాదక బృందాన్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనబడలేదు. ఆండీ మెక్‌నమారా 1991 నుంచి 2020 దాకా అక్కడే ఉన్నాడు. అన్నేళ్లు ఒకే పత్రికలో ఉన్న ఎడిటర్‌కు పాఠకుడి ముఖం తెలుస్తుంది. కవర్ కథల కోసం వాళ్లు స్టూడియోలకు వెళ్లి రోజులకు రోజులు కూర్చుని రాసేవారు. వెబ్‌లో అంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ.

నా ఫిర్యాదు వేరు. అంత పని చేసే బృందానికి తమ పాఠకుడితో నేరుగా లావాదేవీ లేదు. చిరునామాల జాబితా దుకాణానిది. డబ్బు దుకాణానిది. రెన్యువల్ గుర్తు చేసేది దుకాణం. నింటెండో పవర్‌కు ఉచిత కాపీ పుచ్చుకున్న పిల్లాడు ఫారం నింపి, అమ్మ చేత చెక్కు రాయించి పోస్టులో వేశాడు. ఆ మూడో వంతు మంది చేతిరాత వాళ్ల ఆఫీసుకు చేరింది. ఇక్కడ 80 లక్షల్లో ఎవరి చేతిరాతా లేదు.

నది దుకాణం దాకా వచ్చింది

మా సీడీని తీసుకెళ్లిన ప్రవాహమే ఆలస్యంగా గేమ్‌స్టాప్‌కూ తగిలింది. ఆ దుకాణాల అసలు లాభం పాత డిస్కుల్లో. ఒకడు ఆడేసి తెచ్చిస్తే తక్కువకు కొని, ఇంకొకడికి ఎక్కువకు అమ్మడం. కంప్యూటర్ గేములను నెట్ మీదే అమ్మే స్టీమ్ 2003లోనే వచ్చింది. తర్వాత కన్సోళ్లు కూడా నెట్ మీద గేములు దించుకోవడం మరిగాక తిరిగి అమ్మడానికి డిస్కే లేదు. డిస్కు లేకపోతే పది శాతం ఎక్కువిచ్చే కార్డుకు పని లేదు. కార్డుకు పని లేకపోతే పత్రిక ఎవరింటికి వెళ్లాలి? 2014 నాటికే సర్క్యులేషన్ 69 లక్షలకు దిగి నాలుగో స్థానానికి వచ్చింది. 2019 ఆగస్టులో దుకాణం ఖర్చు తగ్గించుకుంటూ పత్రిక సిబ్బందిలో పలువుర్ని తీసేసింది. 2021లో షేర్ మార్కెట్‌లో గేమ్‌స్టాప్ పేరు మార్మోగిన కథ అందరికీ తెలుసు. షేరు ఆకాశానికి వెళ్లింది కానీ కౌంటర్ దగ్గర డిస్కులు పెరగలేదు.

ఒక విషయం మాత్రం మెచ్చుకోవాలి. 2024 తొలి నెలల్లో గేమ్ ఇన్ఫార్మర్ దుకాణం కార్డుతో పని లేకుండా నేరుగా చందా కట్టే ఏర్పాటు తెచ్చింది. సరైన పని, పదేళ్ల ఆలస్యం. కొద్ది నెలలకే, 2024 ఆగస్టు 2 శుక్రవారం, సిబ్బందిని సమావేశానికి పిలిచి పత్రిక తక్షణమే మూసేస్తున్నామని, ఉద్యోగాలు పోయాయని చెప్పారు. 33 ఏళ్లు, 368 సంచికలు. వెబ్‌సైటులో ఏ పాత వ్యాసం లింకు నొక్కినా ఒకే వీడ్కోలు పేజీ తెరుచుకుంది. ముప్పై ఏళ్ల రాత ఒక పేజీ వెనక్కి పోయింది.

అచ్చు కాపీలు మాత్రం ఇళ్లలో ఉన్నాయి. ఇది కాగితం గొప్పతనం అని మురిసిపోయే రకం కాదు నేను, గోడౌన్ అద్దె కట్టినవాణ్ని. కానీ యజమాని స్విచ్ కట్టేసినా మా అక్కయ్య చెప్పుల స్టాండు పక్కన దొంతర చెరిగిపోదు కదా. ఆ విప్పని పుస్తకాలే ఇప్పుడు సాక్ష్యం. కాలిఫోర్నియాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2025 జనవరిలో తెరిచిన డిజిటల్ లైబ్రరీలో 1,500కు పైగా పాత గేమింగ్ సంచికలు మాట వెతుక్కునేలా ఉన్నాయి. మన చందమామలో, యువలో ఓ మాట కోసం పేజీలు తిప్పే పరిశోధకులకు ఆ సౌకర్యం ఎంతటిదో తెలుస్తుంది.

2025 మార్చిలో గన్‌జిల్లా గేమ్స్ అనే గేమ్ కంపెనీ ఆ పేరును కొని, పాత బృందాన్నే మళ్లీ కూర్చోబెట్టింది. మ్యాట్ మిల్లర్ ఎడిటర్. వెబ్‌సైటు, పాత వ్యాసాలు తిరిగొచ్చాయి, అచ్చు పత్రిక కూడా మొదలైంది. ఈసారి దుకాణం కార్డు లేదు. కావాలంటే చందా కట్టాలి. యజమాని మళ్లీ గేములతో ముడిపడినవాడే, అంగడివాడి బదులు తయారుచేసేవాడు. అది నాకు కొంచెం ముల్లులాగే ఉంది. చందా మాత్రం చందానే.

అచ్చులో ఇప్పటికీ నిలిచినవి చూస్తే, జపాన్‌లో 1986 నుంచి ఫామిట్సు ఉంది. నలుగురు సమీక్షకులు తలో పదికి మార్కులేసి నలభైకి కూడే పద్ధతి ఇంకా అదే. ఇంగ్లండులో 1993 నాటి ఎడ్జ్ ఉంది. రెట్రో గేమర్ ఉంది, పేరులోనే పాతదనం పెట్టుకుని. మన దగ్గర కుర్రాళ్లకు ఈ గొడవే లేదు. ఎక్కువమందికి గేమింగ్ అంటే జియో వచ్చాక ఫోన్‌లో పబ్‌జీ, కిటుకులకు యూట్యూబ్. పత్రిక అనే మెట్టు ఎక్కకుండానే పై అంతస్తుకు వెళ్లిపోయారు. పార్లర్లో ముస్తఫా అని పిలుచుకునే ఆట ఆడిన మా తరం పిల్లలకూ పత్రిక చేతికందలేదు, పక్కన నిలబడ్డ అన్నయ్యే పత్రిక.

నేను దీన్ని ఎలా వాడుకుంటున్నాను

ఇప్పుడు నేను సలహాలు చెప్పి బతుకుతున్నాను. ఎవరైనా సర్క్యులేషన్ షీటు తెస్తే మొత్తం అంకె చూడటం మానేశాను. మూడు ప్రశ్నలు అడుగుతాను. మొదటిది: ఈ కాపీకి డబ్బు కట్టినప్పుడు ఆ మనిషి ఇంకేం కొంటున్నాడు? రెండోది: చిరునామా జాబితా ఎవరి కంప్యూటర్లో ఉంది? మూడోది ఆఫీసులో ఎవరికీ నచ్చదు: ఒక నెల పంపడం ఆపేస్తే ఎన్ని ఫోన్లు వస్తాయి? ఈ మూడో పరీక్ష ఒకసారి చేయించాను, ఒక జిల్లాకు మాత్రమే, పొరపాటున ఆగినట్టు. ఫోన్లు వచ్చాయి, ఎక్కువ పెద్దవాళ్లవి. పిల్లల పేరు మీద కట్టిన చందాల తాలూకు ఒక్కటీ రాలేదు. అది చేయడం సబబేనా అని ఆ పత్రిక యజమానితో నాకు పెద్ద వాదనే అయింది. ఆగిన నెలకు బదులు అందరికీ చందా ఒక నెల పొడిగించాం.

మొన్న సంక్రాంతి తర్వాత ఒకాయన వచ్చారు. విద్యార్థుల మాసపత్రిక నడుపుతారు. ఒక కోచింగ్ సంస్థ ఫీజుతో పాటు తమ పిల్లలందరికీ పత్రిక ఇస్తుందట, కాపీలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయట. ఆ అంకె చూపించి ప్రకటనల రేటు పెంచుదామని, కొత్త మెషిన్‌కు అప్పు తీసుకుందామని ఆయన ఆలోచన. ముఖంలో వెలుగు చూసి వెంటనే ఏమీ అనలేకపోయాను. టీ తాగాక మేనల్లుడి కథ చెప్పాను. ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కోకు ఇల్లు మారినప్పుడు వాడు ఎవరికీ కొత్త చిరునామా ఇవ్వలేదు. పత్రిక రావట్లేదని వాడికి తెలిసింది నేను ఫోన్‌లో అడిగినప్పుడే.

ఆయన్ని ఒక్క లెక్క తెమ్మన్నాను. కోచింగ్ మానేసిన పిల్లల్లో, తర్వాత సొంతంగా చందా కట్టినవాళ్లు ఎంతమంది? ఆ సంస్థలో అడిగి చెబుతానన్నారు. జాబితా వాళ్ల దగ్గరే ఉందట.